పాత కంప్యూటర్ల కోసం కొత్త గేములు తగ్గాలా?

ప్రశ్న: గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

నా కంప్యూటర్‌లో ఉన్నది 4 జీబీ జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్, ఒక పాత హార్డ్ డిస్కు. 2016లో వచ్చిన ఆ కార్డుతోనే ఇప్పటికీ రాత్రిపూట హాయిగా ఆడుకుంటున్నాను. పండక్కి వచ్చిన మా బావకూ నాకూ దీని మీద పెద్ద వాదనే జరిగింది. "మీలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకోబట్టే గేములు ఎదగడం లేదు, పాతవాటికి సపోర్టు పూర్తిగా ఆపేయాలి" అంటాడు. ఆ మాట నాకు చాలా కష్టమనిపించింది. కొత్త కార్డు కొంటే నెల జీతంలో మిగిలేది ఏమీ ఉండదు.

2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేముకు రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) చేయగల కార్డు తప్పనిసరి. 2025 మేలో వచ్చిన డూమ్‌కూ అంతే. సెట్టింగులు ఎంత తగ్గించినా అవి ఆడే అవకాశం నాకు లేదు. నిజంగా మా పాత యంత్రాలే గేములకు అడ్డమా? లోపలి సంగతులు తెలిసినవారు చెప్పండి.

జవాబు: నీలిమబ్బు (విశాఖపట్నం)

మీ బావగారిని పూర్తిగా కొట్టిపారేయకండి. సైబర్‌పంక్ 2077 సంగతి చూడండి. 2013 నాటి సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 4లో కూడా నడిపిస్తామని 2020 డిసెంబరు 10న విడుదల చేశారు. అందులో ఆ గేము ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ స్టోరు నుంచే దాన్ని తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. 2023లో వచ్చిన దాని అదనపు భాగం ఫాంటమ్ లిబర్టీని పాత కన్సోళ్లకు ఇవ్వనేలేదు. ఆ మాటేదో మొదట్లోనే చెప్పి ఉంటే ఎంతోమందికి డబ్బు మిగిలేది.

జవాబు: ఫ్రేములలెక్క (హైదరాబాదు)

గోదావరిగట్టు గారూ, నేను ఒక గేమ్ స్టూడియోలో ప్రోగ్రామర్‌ని. గేము ఏ యంత్రంలో ఎక్కడ తడబడుతోందో వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. ఈ వాదనలో అందరూ ముందు గ్రాఫిక్స్ కార్డును పట్టుకుంటారు. నా ఉద్దేశంలో చాలావరకు దాని తప్పేమీ లేదు. నీడలు తీసేయవచ్చు, రిజల్యూషన్ తగ్గించవచ్చు, దూరాన ఉన్న చెట్లను మొరటుగా గీయవచ్చు. బొమ్మ అందం తగ్గుతుంది గానీ ఆట మారదు. ఆట రూపాన్నే కట్టిపడేసేవి ప్రాసెసర్, ర్యామ్, డిస్కు. వీధిలో రెండు వందల మంది తిరగాలని కథ కోరుకుంటే, ప్రాసెసర్ చాలని యంత్రం కోసం వాళ్లను ఇరవైకి తగ్గించలేం. అది వేరే ఆట అయిపోతుంది.

డిస్కు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. హార్డ్ డిస్కులో పళ్లెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద చదివే ముల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగాలి. ఒక్కో జరుగుడికి సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది. మీకది రెప్పపాటు కూడా కాదు. కానీ సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) ఇవ్వాల్సిన గేములో ఒక్క ఫ్రేముకు ఉండేదే 16 మిల్లీసెకన్లు. అందుకని ముల్లు అటూ ఇటూ పరుగెత్తకుండా, ఒకే వస్తువును ఎక్కడెక్కడ అవసరమో అక్కడల్లా మళ్లీ మళ్లీ రాసిపెడతారు. ప్లేస్టేషన్ 4 కోసం చేసిన స్పైడర్‌మ్యాన్ గేములో కొంత డేటా డిస్కు మీద 400 సార్లు ఉందని ప్లేస్టేషన్ 5 రూపశిల్పి మార్క్ సెర్నీ 2020లో చెప్పారు. ఇరుకు సందులో పక్కకు తిరిగి మెల్లగా నడవడం, లిఫ్టులో నిలబడి కబుర్లు చెప్పుకోవడం చాలా గేముల్లో చూసే ఉంటారు. చాలాసార్లు అవి కథ కోసం పెట్టినవి కావు, డిస్కు చదవడం పూర్తయ్యేదాకా మిమ్మల్ని ఆపడానికి పెట్టినవి. మీ బావగారి వాదనకు అసలైన బలం ఇక్కడే ఉంది.

అయితే ఆ బలం ఎంతో కొలిచి చూడాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన హెల్‌డైవర్స్ 2 కంప్యూటర్‌లో దాదాపు 154 జీబీ తినేది. హార్డ్ డిస్కు వాడేవాళ్లు ఇబ్బంది పడతారేమోనని ఇలాగే నకళ్లు నింపారు. 2025 చివర్లో ఆ స్వీడన్ స్టూడియో వాళ్లు నకళ్లన్నీ తీసేసి పరీక్షించారు. గేము 23 జీబీకి దిగింది! హార్డ్ డిస్కులో లోడయ్యే సమయం పెరిగింది కొద్ది సెకన్లే. లోడింగులో ఎక్కువసేపు పట్టేది డిస్కు చదవడానికి కాదని, యుద్ధరంగాన్ని అప్పటికప్పుడు తయారుచేయడానికని అప్పుడు తేలింది. పాత డిస్కులవాళ్ల పేరు చెప్పి అందరి దగ్గరా 130 జీబీ చోటు తీసుకున్నారు, దానివల్ల పాత డిస్కులవాళ్లకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు. ఇలాంటిది చూస్తే నాకు కోపం వస్తుంది. నా మాట ఒక్కటే: ఏ పాత యంత్రాన్నైనా వదిలేయవచ్చు, మోయవచ్చు. కానీ కొలవకుండా రెండూ చేయకూడదు.

ర్యామ్ విషయంలో బల్డర్స్ గేట్ 3 వాళ్లు చేసిన పని నాకు నచ్చింది. 2023 ఆగస్టులో కంప్యూటర్లకు వచ్చిన ఆ గేము ఎక్స్‌బాక్స్‌కు డిసెంబరుదాకా రాలేదు. 10 జీబీ ర్యామ్ ఉన్న చవక రకం ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో, తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడే పద్ధతి ఇమడలేదు. చివరికి ఆ ఒక్క సౌకర్యాన్ని ఆ ఒక్క యంత్రంలోనే వదిలేసి విడుదల చేశారు. గేమును కుదించలేదు, ఆ కన్సోల్ కొన్నవాళ్లను గెంటేయనూ లేదు.

ఇక మీరు అడిగిన రే ట్రేసింగ్. ఆ కార్డులు మార్కెట్లోకి వచ్చింది 2018లో. వెలుగునంతా అదే లెక్కగడితే, ప్రతి గదిలో కాంతిని ముందే లెక్కవేసి పెట్టే పని, దానికి పట్టే కాలం మాకు మిగులుతాయి. అందుకే ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. ప్రయత్నిస్తే దారి దొరికిన సందర్భాలూ ఉన్నాయి. అలన్ వేక్ 2 గేము మొదట్లో మీ కార్డులాంటి జీటీఎక్స్ 10 తరం కార్డుల్లో నత్తనడక నడిచేది. 2024 మార్చి అప్‌డేట్‌తో వాటిలో బాగా వేగం పుంజుకుంది.

మేం చేసేవి ఎక్కువగా ఫోను గేములు. మా బల్ల మీద 3 జీబీ ర్యామ్ ఫోను ఒకటి ఎప్పుడూ చార్జింగులో ఉంటుంది. దాని వెనక మూత కొద్దిగా ఉబ్బింది, వేడెక్కితే తెర పసుపు రంగుకు తిరుగుతుంది. ఏ కొత్త మార్పైనా ముందు దాని మీద నడవాలి. మన ఊళ్లలో మా గేము ఆడే పిల్లల చేతుల్లో ఉన్నది అలాంటి ఫోనే. వాళ్లను వదులుకుని చేసే గేము నాకు అక్కర్లేదు.

జవాబు: కాజీపేట_గేమింగ్ (వరంగల్లు)

తమ్ముడూ, నేను గేమింగ్ సెంటరు నడుపుతాను, పనికొచ్చే మాట చెబుతాను. కార్డు గురించి ఇప్పుడు ఆలోచించకు. ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కు) వేయించుకో. మా దగ్గర పాత మెషీన్లకు అది వేశాక పిల్లలు కొత్త కంప్యూటర్లు తెచ్చారనుకున్నారు. ర్యామ్ మాత్రం తొందరపడి కొత్తది కొనవద్దు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ధరలు బాగా పెరిగాయి. మీ ఊళ్లో రిపేరు షాపులో తీసిపెట్టిన పాత డీడీఆర్ 4 ముక్క దొరుకుతుందేమో అడుగు. రెండు ముక్కలూ ఒకే స్పీడువి అయితే మంచిది.

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ ధన్యవాదాలు. ఫ్రేములలెక్క గారి జవాబు మా బావకు పంపించాను. "డిస్కు గురించి నేను చెప్పింది నిజమేగా" అని అదొక్కటే పట్టుకున్నాడు. అన్నా, ఒక సందేహం. నా బోర్డు పాతది, ఎం.2 స్లాటు (చిన్న ఎస్‌ఎస్‌డీని నేరుగా గుచ్చే చోటు) లేదు. ఎస్‌ఎస్‌డీ పడుతుందా?

కాజీపేట_గేమింగ్ (వరంగల్లు)

పడుతుంది. రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అని అడిగి తీసుకో. హార్డ్ డిస్కుకు ఉన్నలాంటి కేబులే దానికీ సరిపోతుంది. విండోస్, ఆడే గేములు దాని మీద పెట్టు. పాత డిస్కు తీసేయకు, సినిమాలకు ఉంచుకో.