చైనా లిపి అన్యాంగ్‌లోనే పుట్టిందా, అంతకు ముందే ఉందా?

చరిత్రాభిమాని:
షాంగ్ రాజు వూ డింగ్ క్రీ.పూ. 1250 ప్రాంతంలో అన్యాంగ్ నుంచి పాలించాడు. చైనాలో వాక్యాలుగా చదవగలిగిన తొలి రాతలు ఆయన కాలానివే. తాబేలు కడుపు చిప్పల మీద, ఎద్దుల భుజపుటెముకల మీద చెక్కిన ప్రశ్నలవి. పంట పండుతుందా, రాణికి సుఖప్రసవం అవుతుందా అని పితృదేవతలను అడిగారు. అంతకు ముందే లిపి వెదురు బద్దల మీద చాలాకాలం ఉందని, ఆ బద్దలు కుళ్లిపోయాయని కొందరు పండితులు అంటారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. కుళ్లిపోయిందంటే ఏ వాదమైనా నిలబడుతుంది. మెసొపొటేమియాలో లెక్కల గుర్తుల నుంచి లిపి ఎదిగిన మెట్లు మట్టి పలకల మీద కనిపిస్తాయి. ఇక్కడ ఆ మెట్లేవి?

పాతనాణెం:
జియాహులో ఎనిమిది వేల ఏళ్లనాటి తాబేలు చిప్పల మీద గుర్తులు దొరికాయి కదా? మెట్లు అవే.

తాటాకు:
జియాహును పక్కన పెడదాం. పశువుకు వేసిన వాత అది ఎవరిదో చెబుతుంది, వాక్యం చెప్పదు. అసలు సాక్ష్యం అన్యాంగ్ ఎముకల మీదే ఉంది. అక్కడ పుస్తకాన్ని సూచించే అక్షరం నిలువు బద్దలను తాడుతో కట్టిన బొమ్మ. కుంచెకు అక్షరం, కుంచె పట్టుకున్న చెయ్యి. ఇక ఏనుగు, పులి, గుర్రం చూడండి. నేల మీద నిలబడవు. తల పైకి, తోక కిందికి, కాళ్లు పక్కకి. అంత వెడల్పాటి ఎముక మీద జంతువును అలా తిప్పాల్సిన పనేముంది? సన్నని బద్ద మీద రాసి రాసి చేతికి పట్టుబడిన అలవాటది.

బద్దలేవి అంటారా? చైనాలో దొరికిన అతి పాత వెదురు బద్దలు క్రీ.పూ. 433 ప్రాంతపు జెంగ్ అనే చిన్న రాజ్యానికి ప్రభువైన ‘యీ’ అనే ఆయన సమాధిలోవి. అన్యాంగ్ నుంచి అక్కడిదాకా ఎనిమిది వందల ఏళ్లలో ఒక్క బద్దా మిగలలేదు. ఆ ఎనిమిది వందల ఏళ్లూ బద్దల మీద ఎవరూ రాయలేదని మీరు అనరు కదా! రాయి మీద చెక్కారు కాబట్టే మన కలమళ్ళ శాసనం మిగిలింది, ఆనాటి ఆకులు మిగలలేదు.

చరిత్రాభిమాని:
జంతువుల సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. కానీ కంచు మాటేమిటి? అన్యాంగ్ కన్నా ముందే జెంగ్‌జౌలో మీటరు ఎత్తు నలుపలకల పాత్రలు పోతపోశారు. వాటి మీద ఒక్క అక్షరం లేదు. సాన్‌షింగ్‌దుయిలో దాదాపు నాలుగు మీటర్ల కంచు చెట్టు దొరికింది, రాత జాడే లేదు. లిపి చేతిలో ఉన్నవాళ్లు అంత పెద్ద పాత్రను ఊరికే వదిలేస్తారా?

కంచుపని:
మా ఇంట్లో పోత పని మూడు తరాలుగా ఉంది, అందుకే ఈ మాట చెప్పాలనిపించింది. షాంగ్ పనివాళ్లు మైనం వాడలేదు. మట్టి మూసను ముక్కలుగా కోసి, లోపల మట్టి దిమ్మ పెట్టి, మధ్య సందులో కరిగిన కంచు పోశారు. పాత్ర లోపలి గోడ మీద అక్షరం లోతుగా పడాలంటే, ఆ దిమ్మ మీద అదే అక్షరం ఉబ్బెత్తుగా, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. ఎంతో ఓపిక కావాలి. అంత ఓపికతో ఏం రాశారు? 832 కిలోల హౌమూవూ పాత్ర మీద మూడే అక్షరాలు. వూ డింగ్ భార్య ఫూ హావ్ రాణి సమాధిలో నూటికి పైగా పాత్రల మీద ఆమె పేరు. అదే వూ డింగ్ కాలంలో ఎముకల మీద నిండు వాక్యాలున్నాయి! రాత వచ్చినవాళ్లే కంచు మీద పేరుతో ఆగిపోయారు. దాదాపు 500 అక్షరాల మావో గోంగ్ పాత్ర వంటివి షాంగ్‌ల తర్వాత వచ్చిన జౌ రాజుల కాలానికి గాని రాలేదు. కాబట్టి జెంగ్‌జౌ పాత్ర నున్నగా ఉందంటే పాత్ర మీద రాసే ఆచారం లేదని అర్థం, అంతే.

చరిత్రాభిమాని:
కంచుపని గారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. కంచు వాదన వదులుకుంటున్నాను. షావోషువాంగ్‌చావోలో కుండల మీద ఎర్రరంగుతో కుంచె రాతలు దొరికాయి, అవి వూ డింగ్ కన్నా ముందువి. అక్కడిదాకా మీతో వస్తాను. ఇంకా వెనక్కి, అంతకన్నా పాత ఊరైన ఎర్లిటౌ దాకా లాగితే మాత్రం రాను.

తాటాకు:
లాగను. ఎర్లిటౌ కుండల మీద ఉన్నవి విడి గీతలే, పశువు వాత మాటే వాటికీ చెల్లుతుంది. అక్కడ ఒక్క వరుస కుంచె రాత దొరికితే మళ్లీ ఇక్కడికే వస్తాను.