సదర్ దున్నపోతులు సరే, అడవిదున్నను మనోళ్లు ఎందుకు మచ్చిక చేసుకోలేదు?

నారాయణగూడ సాయి:

మా ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తోంది, తెలిసినవాళ్లు తీర్పు చెప్పండి. మేము సదర్, అంటే మన హైదరాబాద్ దున్నపోతుల పండగ, చూస్తూ పెరిగినవాళ్లం. దీపావళి కాగానే హర్యానా నుంచి తెచ్చిన ముర్రా పోతులు, ఒంటినిండా నూనె, మెడలో దండలు, తీన్‌మార్ మోగుతుంటే ముందు కాళ్లు పైకి లేపడం, ఇవన్నీ చూస్తే దున్నపోతును మించిన జంతువు ఉండదనిపించేది. మొన్న ఆదివారం పిల్లలతో జూపార్కుకు వెళ్తే మా బావమరిది అడవిదున్న దగ్గరే ఆగిపోయాడు, కదలడే. వాడికి శివార్లలో చిన్న తబేలా ఉంది. ఆ మూపురం, ఆ కండలు, మోకాళ్ల కింద తెల్లటి కాళ్లు చూసి "దీన్ని మా ముర్రా బర్రెతో కలిపితే పుట్టే దూడను సదర్‌లో ఎవడూ ఆపలేడు, పాలు కూడా చిక్కగా ఉంటాయి" అంటాడు. అమెరికాలో బైసన్‌లను ఫారాల్లో పెంచుతున్నారని ఏదో వీడియో కూడా చూపించాడు. కలపడం కుదురుతుందా? కుదిరితే ఇన్ని వేల ఏళ్లలో మనవాళ్లు ఎందుకు వదిలేశారు?

పశువుల డాక్టర్, రాజేంద్రనగర్:

కుదరదు. అడవిదున్న ఆవు వంశం, గేదె కాదు. ముర్రాకు 50 క్రోమోజోములు, ఆవుకు 60, అడవిదున్నకు మామూలుగా 58 దాకా ఉంటాయి. కాబట్టి బర్రెతో దూడ పుట్టదు. ఆవుతో కలిస్తే పుట్టొచ్చు గానీ అలా పుట్టిన కోడెలకు సంతానం ఉండదు, ఆడవాటికి మాత్రం ఉంటుంది.

ఇక మచ్చిక సంగతి. మనవాళ్లు చేయలేదని ఎవరన్నారు? మన దక్షిణాన చేయలేదు, అంతే. అరుణాచల్, నాగాలాండ్ వైపు వెళ్తే మిథున్ అని ఉంటుంది, అది అడవిదున్న నుంచి వచ్చిన పెంపుడు జాతి అనే ఎక్కువమంది శాస్త్రవేత్తలు అంటారు. 2019 పశుగణనలో 3.9 లక్షల దాకా లెక్క తేలాయి. ఆ రెండు రాష్ట్రాలకూ రాష్ట్ర జంతువు అదే, దానికోసం నాగాలాండ్‌లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రం కూడా ఉంది. కాకపోతే మన తబేలా పద్ధతి కాదు అక్కడ. కట్టేయరు, దాణా పెట్టరు, అడవిలోకి వదిలేస్తారు. అప్పుడప్పుడు యజమాని ఉప్పు పట్టుకుని వెళ్లి పిలుస్తాడు, ఆ ఉప్పు కోసం వస్తాయి. ఎవరిది ఏదో చెవికి పెట్టిన కోతల గుర్తును బట్టి తెలుస్తుంది. పెళ్లిళ్లకు, పండగలకు, తగాదా తీర్పుల్లో జరిమానా కట్టడానికి మిథునే. పాలు పిండే అలవాటు పెద్దగా లేదు, పిండినా రోజుకు లీటరు చుట్టూ వస్తాయి. వెన్న మాత్రం బాగా ఉంటుంది, ఆ ఒక్క మాటలో మీ బావమరిది కరెక్టే.

మన దగ్గర ఎందుకు చేయలేదంటే, నా లెక్కలో అవసరం పడలేదు. దుక్కికి ఎద్దు, పాలకు ఆవు, బర్రె ఎప్పటినుంచో ఇంట్లోనే ఉన్నాయి. వెయ్యి కిలోల మగది, మనిషి వాసన తగిలితే పొదలు విరుచుకుని పారిపోయేది, దాన్ని తెచ్చి ఏం చేస్తారు?

చాదర్‌ఘాట్ చిన్నోడు:

సదర్‌లో దాన్ని తాడు పట్టి నడిపించేవాడు దొరికితే చెప్పండి భయ్యా, ముందు వాడికి దండ వేద్దాం 😂

భద్రాద్రి బిడ్డ (ఇప్పుడు ఉప్పల్):

నవ్వులు సరే గానీ ఒకటి గుర్తుంచుకోండి, అడవిదున్న వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ ఒకటిలో ఉంది. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, పట్టుకొచ్చి పెంచడం కూడా నేరమే. తబేలా ప్లాన్ అక్కడే ఆపేయమని చెప్పండి.

మా వైపు దాంతో సంబంధం వేరేరకం. కోయ పెళ్లిళ్లలో, పండగల్లో కొమ్ము ఆట చూశారా ఎవరైనా? మగవాళ్లు అడవిదున్న కొమ్ములు కట్టిన తలపాగాలు పెట్టుకుని, పెద్ద డోళ్లు వాయిస్తూ, మధ్యమధ్యలో రెండు పోతులు ఢీకొన్నట్టు తలలు వంచి ఒకరి మీదికి ఒకరు వస్తారు, ఆడవాళ్లు భుజాలు పట్టుకుని వరసగా కదులుతారు. వేట ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి కొమ్ములు తాతల నాటివి, ఇంట్లో జాగ్రత్తగా దాచుకుంటారు. గోదావరి అవతల బస్తర్‌లో మారియా గోండుల్లోనూ ఇలాంటి ఆట ఉంది. ఇక్కడ స్టేజీ మీద పది నిమిషాలు ఆడించి ఫోటోలు దిగి పంపించేస్తారు, నాకది నచ్చదు, అసలు ఆట రాత్రంతా సాగేది.

పాపికొండలు, కిన్నెరసాని వైపు ట్రిప్పు వెళ్లేవాళ్లకు ఒక మాట. మంద కనిపిస్తే పెద్దగా భయం లేదు, వయసు ముదిరిన ఆడది ముందు నడుస్తుంది, మనల్ని చూస్తే గట్టిగా ముక్కు చీది దారి మార్చుకుంటాయి. ఒంటరిగా తిరిగే ముసలి పోతు ఎదురైతే మాత్రం బండి ఆపి దిగి సెల్ఫీ తీసుకునే తెలివి చూపించొద్దు.

డెన్వర్‌లో కూకట్‌పల్లి వాడు:

ఆ వీడియో సంగతి నేను చెప్తాను, నేనుండేది వాటి రాజ్యంలోనే. ఇక్కడి బైసన్ వేరే జంతువు. మెడ మీద జూలు, ముందు భాగం బరువు, వెనక సన్నం, పచ్చిక మైదానాల్లో బతికేది. మన అడవిదున్న అడవి దాటి బయటికి రావడానికే ఇష్టపడదు. ఇక్కడ ఒకప్పుడు మూడు కోట్లకు పైగా ఉండేవని అంచనా, 1880లు ముగిసేసరికి వెయ్యి కూడా మిగల్లేదు. రైలు వచ్చింది, తోళ్లను ఫ్యాక్టరీల్లో మిషన్ బెల్టులకు కొన్నారు, ఎముకలను గుట్టలుగా పోసి ఎరువుకు పంపారు. వాటి మీదే తిండి, బట్ట, గుడారం అన్నీ నడిచే లకోటా లాంటి తెగలను లొంగదీయాలంటే బైసన్ పోవాలని సైన్యంలో పెద్దలే కోరుకున్నారు. ఇదంతా చదివాక నాకు ఆ ఫారం వీడియోలు అంత సరదాగా అనిపించవు.

1902లో ఎల్లోస్టోన్ పార్కులో రెండు డజన్ల దాకా మిగిలితే, ప్రైవేటు పశువుల ఆసాములు దాచుకున్న మందల నుంచి కొన్ని కొని కలిపారు. అంటే కొంతమంది ఆసాములు పెంచుకోబట్టే జాతి నిలిచింది, ఆ మేరకు మీ బావమరిది వాదనకు బలం ఉంది. ఇప్పుడు ఎల్లోస్టోన్‌లో ఐదు వేల దాకా ఉన్నాయి, 2016లో జాతీయ క్షీరదం అని చట్టం చేశారు. బయట ఉన్న లక్షల్లో చాలావరకు మాంసం కోసం పెంచేవే. వాటిని మచ్చికైన పశువులు అనలేం, ఎత్తు కంచెలు కట్టి పెంచుతారు. పార్కులో ఏ జంతువూ గాయపరచనంత మందిని ఇవే పొడుస్తాయి, అయినా టూరిస్టులు దగ్గరికే పోతారు.

మైదానానికి ఇవి చేసే పని మాత్రం చూడాలి. దుమ్ములో పొర్లితే పడే గుంటల్లో వాన నీళ్లు నిలుస్తాయి, కప్పలు, కొత్త మొక్కలు అక్కడే మొదలవుతాయి. ఇవి మేసిన చోట రకరకాల మొక్కలు పెరుగుతాయి, లేని చోట ఒకట్రెండు రకాల గడ్డి మొత్తం కమ్మేస్తుంది.

నారాయణగూడ సాయి:

బావమరిదికి మొత్తం చదివి వినిపించాను, మిథున్ దగ్గర కాస్త మెత్తబడ్డాడు. డాక్టర్ గారూ, వేట లేదు, చట్టం ఉంది, మరి మన అడవుల్లో ఇంత తక్కువగా ఎందుకున్నాయి?

పశువుల డాక్టర్, రాజేంద్రనగర్:

అడవి ముక్కలైపోవడం ఒకటి. రెండోది చాలామందికి తట్టదు, మన పశువుల రోగాలు. ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) ఊరి మందల నుంచి అడవిలోకి వెళ్లి అడవిదున్నలను ఊడ్చేసింది. 1968లో బందీపూర్, ముదుమలై వైపు దెబ్బ మామూలుది కాదు. ఇప్పుడు ఆ రోగం ప్రపంచంలోనే లేదు, 2011లో నిర్మూలించినట్టు ప్రకటించారు. నోట్లో, గిట్టల్లో పుండ్లు వేసే గాలికుంటు మాత్రం ఉంది, అది వీటికీ సోకుతుంది. అమెరికాలోనూ ఇదే కథ, చూలు పశువులు ఈసుకుపోయే బ్రూసెల్లోసిస్ ఎల్లోస్టోన్ బైసన్‌లకు పశువుల నుంచే అంటింది, ఇప్పుడు అక్కడి రైతులేమో బైసన్ నుంచి తమ ఆవులకు వస్తుందని భయపడతారు.

ఒకసారి పోతే వాటంతట అవి తిరిగి రావడం కష్టం. బాంధవ్‌గఢ్‌లో 1990లలో పూర్తిగా పోయాయి, 2011 నుంచి కన్హా నుంచి యాభై దాకా తీసుకొచ్చి వదిలితే మళ్లీ మంద నిలబడింది. నల్లమలలో 2024లో ఒకటి కనిపిస్తే, దాదాపు 150 ఏళ్ల తర్వాత అని పేపర్లలో రాశారు. పులికి కూడా ఇది కావాలి, నిండా పెరిగిన అడవిదున్నను కొట్టగలిగేది అదొక్కటే, ఒక్కటి దొరికితే రోజుల తరబడి తింటుంది.

భద్రాద్రి బిడ్డ:

డాక్టర్ సార్, రోగం మాట ఒప్పుకుంటా. కానీ ఇది చదివి రేపు ఎవరో ఒకరు "అడవిలో పశువులు మేపడం బంద్ చేయాలి" అంటారు, మా ఊరివాళ్లు ఎక్కడికి తోలుకుపోవాలి? పొలాలన్నీ పత్తి, మిర్చి అయ్యాయి. తప్పు పశువులది కాదు, టీకా అందకపోవడానిది.

పశువుల డాక్టర్, రాజేంద్రనగర్:

నేనూ అదే అంటాను. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి పడాలి, 2019 నుంచి కేంద్ర పథకం కింద ఉచితమే. చిక్కల్లా చల్లదనం తగ్గకుండా టీకాను గూడెం దాకా చేర్చడంలో ఉంది, ఐస్ పెట్టె మధ్యలో వేడెక్కితే వేసినా వేయనట్టే. అడవి పక్క గూడేలకు వానలు పడకముందే ముందుగా వేసి, తర్వాత మైదాన ఊళ్లకు రావాలి. చాలాచోట్ల ఇది తిరగబడి జరుగుతుంది, ఎందుకంటే రోడ్డు పక్క ఊళ్లలో లెక్క తొందరగా పూర్తవుతుంది.