గొడవల్లో కాల్పుల ఆర్డర్ ఎవరిస్తారు? కాల్చినవాడికి రక్షణ ఎంతవరకు?

తుంగభద్ర గట్టు (కర్నూలు):
మా తమ్ముడు ఇక్కడే ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు) రెండో బెటాలియన్‌లో కానిస్టేబుల్. యాడ గొడవైనా ముందు వాళ్లనే బండెక్కిస్తారు. మొన్న ఇంటికొస్తే మా మామ "పైవాడు కాల్చమంటే కాల్చెయ్, నీ మీదికి ఏమీ రాదు" అన్నాడు. వాడు తలొంచుకుని అన్నం తిని లేచిపోయినాడు. నాకు ఆ రాత్రి కన్ను మూతపడలేదు. నిజంగా ఆర్డరుంటే చాలా? ఎవరి ప్రాణమైనా పోతే వాడి సంగతేంది, పోయినోళ్ల ఇంటివాళ్ల సంగతేంది? డ్యూటీ చేసినవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు ఎవరున్నా చెప్పండి.

పాత టోపీ (కడప):
అమ్మా, నేను ఏఆర్‌లో (జిల్లా సాయుధ పోలీసు) హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనాను. వరస ఇదీ. ముందు మైకులో చెదిరిపొమ్మని చెప్పాల. వినకపోతే టియర్ గ్యాస్, లాఠీ. తుపాకి అన్నిటికంటే ఆఖరు, అదీ మళ్లీ హెచ్చరించినాకనే. లాఠీ నడుం కిందికే, తల జోలికి పోగూడదని ట్రైనింగులో చెప్పి చెప్పి అరగదీస్తారు. గాల్లోకి కాల్చడం మంచిదే కదా అనుకుంటారు జనం. అదే వద్దంటాయి రూల్సు. పైకి పోయిన గుండు ఏ మిద్దె మీద బట్టలారేసుకునే ఆడమనిషికో తగుల్తుంది. ఎక్కువ ప్రమాదం యాడుందో ఆ వైపుకే, కిందికి గురిపెట్టి, ఆఫీసరు చెప్పినన్ని రౌండ్లే. గుంపు వెనక్కి తిరిగిందా, ఆ క్షణమే ఆపేయాల. గాయపడినోళ్లని ఆస్పత్రికి చేర్చేది కూడా మన డ్యూటీనే.

ఇంకొకటి. కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, తుపాకి తీసుకునేటప్పుడు దాని నంబరు, ఇచ్చిన రౌండ్లు రాసి సంతకం పెడతాం. వాపసిచ్చేటప్పుడు మిగిలినవి, కాల్చినాక మిగిలే ఖాళీ తూటా గొట్టాలు (కేసులంటాం) కలిపి లెక్క తేలాల. టార్చిలైటు పట్టుకుని మురుగుకాలవ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక్క కేసు కోసం వెతికిన రాత్రి నాకింకా గుర్తుంది. ఎవరెన్ని కాల్చినారో చెప్పేది ఆ లెక్కే. మీ తమ్మునికి చెప్పండి, ఆ రిజిస్టరు చదవకుండా సంతకం పెట్టొద్దని.

తాలూకాఫీసు (అనంతపురం):
పాత టోపీ గారు చెప్పింది పోలీసు వైపు. నేను తహసీల్దారుగా చేశాను, అంటే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటును కూడా. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు సీఆర్పీసీ పోయి, దాని చోట బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. పాత సెక్షన్ 129 ఇప్పుడు 148. ఐదుగురు లేదా అంతకు మించి చట్టవిరుద్ధంగా గుమిగూడితే చెదిరిపొమ్మని ఆదేశించేది మెజిస్ట్రేటు, లేదా స్టేషన్ ఆఫీసరు. ఆయన లేకపోతే ఎస్సైకి తగ్గని అధికారి. పొమ్మన్నా పోకపోతేనే, లేదా పోయేది లేదని మొండికేస్తేనే బలప్రయోగం.

నా పట్టింపంతా ఆ "పొమ్మన్నా" దగ్గరే. టవర్‌క్లాక్ దగ్గర వేలమంది నినాదాలిస్తుంటే జీపు మైకు ముందు వరసలు దాటి వినపడదు. వెనకవాళ్లకు హెచ్చరిక అందనే లేదు, మొదటి దెబ్బ మాత్రం అందుతుంది. అందుకే రెండో మైకు వెనక వీధిలో పెట్టించేవాణ్ని. జనం పోవడానికి ఒక్క దారైనా తెరిచి ఉంచందే కదలొద్దని పోలీసాఫీసర్లతో గొడవపడేవాణ్ని. 1919లో జలియన్‌వాలాబాగ్‌లో బ్రిటిష్ ఆఫీసరు డయ్యర్ హెచ్చరిక లేకుండా 1650 రౌండ్లు కాల్పించాడు, జనానికి పోయే దారి లేదు. 2011లో ఢిల్లీ రాంలీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్న జనం మీద పోలీసులు పడితే, మరుసటేడు సుప్రీంకోర్టు తప్పుబట్టింది. పోవడానికి టైమివ్వాలి, దారివ్వాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

గుంతకల్ బస్సు:
అన్నీ సరే సార్. బస్సుకు నిప్పు పెట్టేవాళ్లకు ఏ రూల్సూ లేవా? అద్దం పగిలి గాజుముక్కలు నా ఒళ్లో పడినాయి. లోపల ముసలోళ్లు, చంటిపిల్లలు. అప్పుడు మైకు పట్టుకుని మూడుసార్లు చెప్పమంటారా?

మాజీ ఫౌజీ (ప్రొద్దుటూరు):
అన్నా, జనంతో ఉన్న బస్సు తగలబెడుతుంటే ఎవరూ మైకు కోసం ఆగక్కర్లేదు. ఎదుటి ప్రాణం కాపాడే హక్కు మామూలు మనిషికే ఉంది, పోలీసుకు లేకుండా పోతుందా? కానీ నిప్పు పెట్టినోడు పారిపోయినాక అదే కోపంతో వీధిలో దొరికినోణ్నల్లా కొట్టడం వేరే. బలం వాడేది గుంపును చెదరగొట్టేదానికే. శిక్ష వేసేది కోర్టు.

మిలటరీ సంగతి కూడా చెప్తా. మమ్మల్ని పిలిచేది పోలీసుల చేత కానప్పుడే. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 149 కింద కలెక్టరో, ఆయన అధికారమిచ్చిన మెజిస్ట్రేటో అడగాల. మేం కాగితం మీద రాయించుకుంటాం. చెదరగొట్టమనడం మెజిస్ట్రేటు పని, ఎలాగన్నది మా ఆఫీసరు పని. అదీ వీలైనంత తక్కువ బలంతో, మనిషికీ ఆస్తికీ వీలైనంత తక్కువ నష్టంతో అని సెక్షన్‌లోనే ఉంది. మెజిస్ట్రేటుతో మాట్లాడే వీలే లేకుండా ప్రమాదం ముంచుకొస్తే సెక్షన్ 150 కింద ఆఫీసరే నిర్ణయించొచ్చు, వీలు దొరకంగానే మళ్లీ మెజిస్ట్రేటు మాటే వినాల. చాలాసార్లు ఫ్లాగ్ మార్చ్‌తోనే, అంటే బలగం వీధుల్లో కవాతు చేస్తేనే, పని జరిగిపోయేది. మనూళ్లలో ఏఎఫ్‌ఎస్‌పీఏ (సైన్యానికి ప్రత్యేక అధికారాలిచ్చే చట్టం) లేదు. అది ఉన్న మణిపూర్ విషయంలోనే, మితిమీరిన బలం వాడితే విచారణ తప్పదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఓల్డ్‌టౌన్ కిరాణా (కర్నూలు):
మా అక్క కొడుకు ట్యూషన్ నుంచి వస్తూ ఇరుక్కున్నాడు. చేతిలో పుస్తకాల సంచి. లాఠీ నెత్తి మీద పడింది, కుట్లు పడినాయి, ఇప్పటికీ ఎండలోకి పోతే తల తిరుగుతుందంటాడు. స్టేషన్‌కు పోతే "నువ్వక్కడ ఎందుకున్నావ్" అని ఎదురు ప్రశ్న. కంప్లైంటు తీసుకోలేదు. ఇప్పుడేం చేయాల?

సీక్యాంపు వకీలు (కర్నూలు):
ముందు కిరాణా అన్నకు. ఆస్పత్రిలో ఎమ్మెల్సీ (పోలీసు కేసుకు పనికొచ్చే గాయాల రికార్డు) రాసుంటారు, ఆ కాగితాలు, స్కానింగు జాగ్రత్త చేసుకోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపండి, అక్కడా కదలిక లేకుంటే మెజిస్ట్రేటు కోర్టు. మానవ హక్కుల కమిషన్‌కు రాయాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే రాయాలి, ఆలస్యం చేయొద్దు.

గట్టు చెల్లెమ్మా, మీ మామ మాటకు జవాబు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 151లో ఉంది. సైన్యంలో జవానుకు, తాను పాటించి తీరాల్సిన ఆర్డరు పాటిస్తే నేరం కాదని ఉంది. పోలీసుకు ఆ మాట లేదు, "సదుద్దేశంతో" చేసి ఉండాలని ఉంది. ఇందులో సీఆర్పీఎఫ్ లాంటి కేంద్ర బలగాలు సైన్యం కింద లెక్క, మీ తమ్ముడి ఏపీఎస్పీ పోలీసు కింద. చెదరగొట్టే క్రమంలో చేసిన పనికి కోర్టులో ప్రాసిక్యూషన్ పెట్టాలంటే కేంద్ర బలగాలకైతే కేంద్రం, మీ తమ్ముడికైతే రాష్ట్రం అనుమతివ్వాలి. పారిపోయేవాణ్ని వెనకనుంచి కాల్చి, చెదరగొట్టేదానికే అంటే సదుద్దేశం కింద నిలవడం కష్టం. 2000లో హైదరాబాదు బషీర్‌బాగ్, 2007లో ఖమ్మం జిల్లా ముదిగొండ పోలీసు కాల్పులు, ప్రాణాలు పోయిన ప్రతిచోటా మొదటి ప్రశ్న ఒకటే: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు?

తుంగభద్ర గట్టు (కర్నూలు):
వకీలు సార్, మీరు రాసింది తమ్మునికి ఫోన్లో చదివి వినిపించినాను. వాడొకటి అడగమన్నాడు. ఆర్డరు నోటితోనే ఇస్తారు, కాగితం ఉండదు. అప్పుడు వాడు ఏం చేయాల?

పాత టోపీ (కడప):
ఎవరిచ్చినారు, టైమెంత, ఏ మాటన్నారు, పక్కన ఎవరున్నారు, తానెన్ని కాల్చినాడు. డ్యూటీ దిగిన రోజే తన చేత్తో రాసి తేదీ వేసుకోమనండి. జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజూ జరిగింది రాసే పుస్తకం) ఎక్కించమని అడగమనండి. కంపెనీ రాసే రిపోర్టు వేరే, వాడు రాసుకునేది వేరే. రెండూ ఉండాల.