డబ్బింగ్ ప్రింటులో 120 మీటర్లు ఎక్కువ: కోత పడిన సీనా, బయటి బిట్టా?

2000లో షకీలా నటించిన మలయాళ సినిమా ‘కిన్నారతుంబికళ్’ ఆడాక తెలుగులోకి దిగిన మలయాళ ‘ఎ’ సినిమాల్లో ఒకదాని 35 ఎంఎం ప్రింటు ఇది. సెన్సార్ కార్డు మీద నిడివి 2,790 మీటర్లు. కొలిస్తే 2,910 వచ్చింది, అంటే సుమారు 4 నిమిషాల 20 సెకన్లు ఎక్కువ. ఆరో రీలులో మూడు చోట్ల టేపు అతుకులున్నాయి, ఆ ముక్కలు కాస్త ఎర్రబడ్డాయి. థియేటర్ ఆపరేటర్లు బిట్లు (సెన్సార్ కాని శృంగార ముక్కలు) అతికించడం కొత్తేం కాదు గానీ, ఈ ముక్కల్లో నటి ఈ సినిమాలో ఉన్న ఆమే, చీరా అదే!

అంచు మీది స్టాక్ కోడ్ (ముడి ఫిల్ము తయారీదారు వేసే గుర్తు) చూశాను, ముక్కల మీదా మిగతా రీలు మీదా ఒకటే. సౌండ్‌ట్రాక్ విన్నాను, మాటల్లేవు, ఉత్త సంగీతం. ఫ్రేమ్‌లైన్ (ఒక్కో బొమ్మకీ మధ్య ఉండే గీత) కూడా జరగలేదు.

ఇవి ఈ సినిమాలోంచి కోసినవో, వేరే ప్రింటువో ఇంక దేన్ని బట్టి తేల్చాలి?