బసూన్ మీద స్కోరిక్ ‘మెలొడీ’: స్లర్‌లో ‘ఎ’ స్వరం పగులుతోంది

బసూన్ (పొడవాటి, మంద్రస్థాయి చెక్క గాలివాద్యం) మీద ఉక్రెయిన్ సంగీతంతోనే ఒక రిసైటల్ (కచేరీ) చేయబోతున్నాను. లైసెంకో, ల్యాతోషిన్‌స్కీ, సిల్వెస్ట్రోవ్‌ల రచనలు మన దగ్గర వినిపించేదే అరుదు, అందుకే ఇది బాగా కుదరాలని నా తపన. చివర్లో మిరొస్లావ్ స్కోరిక్ (1938–2020) ‘మెలొడీ’ ఉంది. వయొలిన్ పార్ట్‌ను బసూన్‌కి తగ్గట్టు కిందికి దించి రాసుకున్నాను.

ఇబ్బంది ఒక్క స్వరంతోనే. మిడిల్ ‘సి’కి కింద ఉన్న ‘ఎ’. కింది ‘ఇ’ నుంచి మెత్తగా స్లర్‌లో (మధ్యలో నాలుక తగిలించకుండా స్వరాలను కలుపుతూ) పైకి వెళ్తే ముందు ఒక గరగర వచ్చి, తర్వాతే స్వరం నిలబడుతోంది. నాలుకతో విడిగా పలికిస్తే రాదు, గట్టిగా వాయించినా రాదు. రీడ్ (నోట్లో పెట్టుకుని ఊదే జంట రెల్లు పలక) బాగా తడిసి, ఇరవై నిమిషాలు దాటాక మరీ ఎక్కువ.

ఎడమ బొటనవేలితో హై ‘ఎ’ కీ ఫ్లిక్ చేస్తూనే (స్వరం మొదట్లో క్షణం పాటు నొక్కి వదిలేస్తూనే) ఉన్నాను. స్వరం ఉన్నంతసేపు నొక్కి ఉంచితే గరగర తగ్గింది గానీ ధ్వని పలచబడింది, ఈ పాటకి అది అస్సలు నప్పదు. బోకల్ (రీడ్‌ను వాద్యానికి కలిపే వంపు లోహపు గొట్టం) నంబర్ 2 తీసి 1 పెట్టాను. ప్యాడ్‌లలో గాలి లీక్ లేదని రిపేరర్ చూసి చెప్పారు. రీడ్ చుట్టూ ఉండే రెండో వైరు కొద్దిగా నొక్కితే కింది స్వరాలు బిగుసుకుపోయాయి.

ఇక మిగిలింది రీడ్ గీకడమే అనుకుంటున్నాను. కింది స్వరాల మెత్తదనం పోకుండా ఈ స్లర్ శుభ్రంగా రావాలంటే రీడ్‌ను ఏ చోట గీకాలి?