మాజీ సైనికుడైన తాతగారి జీవితం చిన్న పుస్తకంగా వేయాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: గోదారి మనవడు

మా తాతగారు మొన్న మాఘమాసంలో, 94వ ఏట పోయారు. 1950లో మద్రాస్ రెజిమెంట్‌లో సిపాయిగా చేరి 1974లో సుబేదారుగా రిటైరయ్యారు. ఆ తర్వాత యాభై ఏళ్లు వ్యవసాయం, నలుగురు పిల్లలు, పదకొండు మంది మనవలు. సంవత్సరీకం నాటికి బంధువులకు పంచడానికి 24 పేజీల పుస్తకం వేయాలని అనుకుంటున్నాం.

ఇంట్లో ఉన్నవి: డిశ్చార్జి బుక్ (విడుదలైనప్పుడు ఇచ్చిన సర్వీసు వివరాల పుస్తకం), పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), ఎనిమిది మెడల్స్ (సగం వాటికి రిబ్బన్లు ఊడిపోయాయి), ట్రంకు పెట్టెలో ఒక కట్ట ఉత్తరాలు, నలభై దాకా ఫొటోలు. మామ్మకు 88. వినికిడి తగ్గింది గానీ జ్ఞాపకం బాగానే ఉంది. "62, 65, 71, మూడు యుద్ధాలూ చేశారు" అని ఇంట్లో అందరూ అంటారు. అలాగే రాసేయొచ్చా?

జవాబు: పాతకాగితం

అప్పుడే రాయకండి. ముందు మెడల్స్ చదవండి.

చీకటిపడ్డాక ఒక్కో మెడల్‌ని నిలువుగా పట్టుకుని, ఫోన్ టార్చ్ వెలుగు పక్క నుంచి పడేలా అంచు మీదుగా తిప్పండి. రూపాయి బిళ్ళకు గీతలుండే చోట సన్నటి అక్షరాలు కనిపిస్తాయి: నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంట్. ఎదురు వెలుగులో ఇవి కనిపించవు. ఒక్కో మెడల్ మీద ఒక్కో ర్యాంకు ఉండొచ్చు. అది తప్పు కాదు, ఆయన పైకి వచ్చిన క్రమం. నంబరూ మారవచ్చు. జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, అంటే నాయబ్ సుబేదార్, సుబేదార్ లాంటి ర్యాంకు) అయ్యాక 'జేసీ'తో మొదలయ్యే కొత్త నంబరు ఇస్తారు. రెండూ ఆయనవే. 1965కు ముందు కాగితాల్లో 'జమేదార్' అని ఉంటే అదే ఇప్పటి నాయబ్ సుబేదార్.

ఇక యుద్ధాల సంగతి. పొరపాటంతా ఇక్కడే జరుగుతుంది. 1965కు రెండు మెడల్స్ ఉన్నాయి. రక్షా మెడల్ అప్పటికి నిర్ణీత సర్వీసున్న వాళ్లందరికీ ఇచ్చారు, ఎక్కడ డ్యూటీలో ఉన్నా సరే. యుద్ధ ప్రాంతంలో పనిచేసినవాళ్లకు ఇచ్చింది సమర సేవా స్టార్. 1971కీ అంతే: సంగ్రామ్ మెడల్ చాలా విస్తృతంగా ఇచ్చారు, పశ్చిమ సరిహద్దులో ఉన్నవాళ్లకు పశ్చిమీ స్టార్, తూర్పున ఉన్నవాళ్లకు పూర్వీ స్టార్. 1962 పోరుకు విడిగా మెడల్ లేదు. 1947 జనరల్ సర్వీస్ మెడల్ రిబ్బన్ మీద 'లద్దాఖ్ 1962' లేదా 'నేఫా 1962' (నేఫా అంటే ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) అని చిన్న లోహపు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ ముఖ్యం. రిబ్బన్ ఊడితే పట్టీ కూడా జారిపోతుంది, ట్రంకు పెట్టె అడుగున వెతకండి.

తర్వాత డిశ్చార్జి బుక్ తీసి చేరిన తేదీ, విడుదల తేదీ, మెడల్స్ జాబితా, ట్రేడ్ (సైన్యంలో చేసిన పని), గుర్తింపు మచ్చలు, భార్యాపిల్లల వివరాలు ఒక తెల్ల కాగితం మీద దించుకోండి. చేతిలో ఉన్న మెడల్స్‌కూ ఆ జాబితాకూ తేడా ఉంటే కారణం రెండింట్లో ఒకటి: మెడల్ పోయి ఉండాలి, లేదా మంజూరై ఇంటికి చేరి ఉండదు.

ఇంకా ఖాళీలు మిగిలితే రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంట్ రికార్డ్స్ నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. (ఇది చదివే మిగతావాళ్ల కోసం: ఆర్టిలరీ వాళ్లది నాసిక్ రోడ్, ఈఎంఈ (సైన్యంలో యంత్రాల మరమ్మతు విభాగం) వాళ్లది సికింద్రాబాద్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌ది బెంగళూరు.) నంబరు లేని ఉత్తరానికి జవాబు రావడం కష్టం. రెండు నంబర్లూ, పూర్తి పేరూ, తండ్రి పేరూ, చేరిన సంవత్సరమూ రాసి, పీపీఓ నకలు, మరణ ధృవపత్రం, బంధుత్వానికి రుజువు జతచేయండి. మామ్మగారి సంతకంతో పంపితే మంచిది, మీకంటే ఆవిడకు హక్కు ఎక్కువ. "ఆయన వివరాలన్నీ పంపండి" అని రాయొద్దు. "సర్వీసు రికార్డు నకలు, మంజూరైన మెడల్స్ జాబితా, పనిచేసిన యూనిట్లు, తేదీలు" అని విడివిడిగా అడగండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుగా పెడితే 10 రూపాయల రుసుము, 30 రోజుల గడువు.

జవాబు: సిగ్నల్స్ రిటైర్డ్

పైన చెప్పినది ఆయన సర్వీసు. 94 ఏళ్లలో అది 24 ఏళ్లే కదా. ఆ 24 ఏళ్లూ ఇల్లు నడిపింది మామ్మగారు. ఆవిడని అడిగే పని వచ్చే వారమే మొదలుపెట్టండి. రికార్డ్స్ ఆఫీసు జవాబు నెల ఆలస్యమైనా ఫర్వాలేదు. 88 ఏళ్ల మనిషి జ్ఞాపకాన్ని వాయిదా వేయకూడదు.

పొద్దున ఫలహారం అయ్యాక అరగంట, ముప్పావుగంట చాలు. వినికిడి తక్కువ కాబట్టి ఎదురుగా కూర్చోండి, ఫ్యాను ఆపండి. ఫోన్‌ని ఆవిడ ఒడి పక్కన మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టి రికార్డు చేయండి. బల్ల మీద పెడితే ప్రతి చప్పుడూ అందులోకి ఎక్కుతుంది. ఒక్కరే అడగండి. ఇంట్లోవాళ్లు చుట్టూ చేరితే ఆవిడ మాట మధ్యలో అందుకుని వాళ్లే పూర్తిచేసేస్తారు.

"ఏ సంవత్సరం?" అంటే ఎవరికీ తోచదు. "పెద్దబ్బాయి అప్పటికి పుట్టాడా? పాకుతున్నాడా? దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా? ఎనభై ఆరు వరదప్పుడు ధాన్యం ఎక్కడ పెట్టారు?" అని అడగండి. ఉప్పెన 1977 నవంబరు 19న, గోదావరి వరద 1986 ఆగస్టులో వచ్చాయి. వాటి చుట్టూ మిగతావి అల్లుకుంటాయి. సర్వీసు కాలానికి ఇంకో ఆనవాలు ఉంది. ఏడాదికి రెండు నెలల వార్షిక సెలవు వచ్చేది, కాబట్టి పిల్లల పుట్టినరోజుల నుంచి తొమ్మిది నెలలు వెనక్కి లెక్కిస్తే ఆయన సెలవుకి వచ్చిన రోజులో, కుటుంబం ఆయనతో క్వార్టర్స్‌లో ఉన్న రోజులో తేలతాయి. పిల్లల స్కూలు టీసీలు ఉన్నాయేమో చూడండి. పీస్ స్టేషన్‌లో (సరిహద్దుకు దూరంగా, కుటుంబంతో ఉండగలిగే చోట) కుటుంబాన్ని తెచ్చుకున్న ఊళ్లు తేదీలతో సహా వాటిలో ఉంటాయి. చాలామంది ఈ టీసీల జోలికే వెళ్లరు.

ఉత్తరాల కట్టని తాడు కోసి గబగబా విప్పొద్దు. మడతలు దశాబ్దాలుగా అలాగే ఉండి పెళుసెక్కి ఉంటాయి. ఒక్కోటి విప్పి, పైన శుభ్రమైన గాజు పలక పెట్టి, వరసకి నంబరు పెన్సిల్‌తో వెనక రాయండి. ముద్ర మీద ఊరి పేరు వెతికి లాభం లేదు. ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, తేదీ మాత్రమే ఉంటాయి, చోటు తెలియకుండా ఉండటం కోసమే ఆ ఏర్పాటు. చిరునామాలో '99 ఏపీఓ' (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే ఈశాన్యం వైపు, '56 ఏపీఓ' అని ఉంటే పడమర, ఉత్తరం వైపు అని స్థూలంగా అనుకోవచ్చు. మనియార్డరు కూపన్లు ఉంటే పారేయకండి. డబ్బుతోపాటు వచ్చిన ఆ రెండు పంక్తుల్లోనే ఎరువు ఎంత వేయాలో, ఎవరి ఫీజు కట్టాలో రాసి ఉంటుంది. పొలం, పిల్లలు, అప్పు అన్నీ ఆయన సరిహద్దు నుంచే చూసుకున్నారనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ప్రశ్నించినవారు: గోదారి మనవడు

ఇద్దరికీ నమస్కారాలు. టార్చ్ పెట్టి చూశాను, అక్షరాలు కనిపించాయి! ఉన్నవి: సమర సేవా స్టార్, రక్షా, సంగ్రామ్, సైన్య సేవా (పట్టీ మీద నేఫా), 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, తొమ్మిదేళ్ల సర్వీసుకు ఇచ్చినది, ఇరవై ఏళ్ల సర్వీసుకు ఇచ్చినది, జనరల్ సర్వీస్ మెడల్ (పట్టీ మీద నాగా హిల్స్). పశ్చిమీ, పూర్వీ రెండూ లేవు, డిశ్చార్జి బుక్ జాబితాలోనూ లేవు. నాగా హిల్స్ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. డిశ్చార్జి బుక్‌లో పుట్టిన సంవత్సరం 1929 అని ఉంది, జాతకంలో 1931. మెడల్స్‌కి పాలిష్ పెట్టించనా?

జవాబు: పాతకాగితం

పాలిష్ వద్దు. ఇత్తడి చెంబులకు వాడే పాలిష్ అంచు మీది అక్షరాలను అరగదీస్తుంది. పొడి నూలు గుడ్డతో తుడిచి, ఒక్కోటి విడిగా తెల్ల కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. రెక్సిన్ కవర్లు వద్దు. ఫ్రేము కట్టించుకోవాలంటే ఎండ పడని గోడకు తగిలించండి, రంగు వెలిసిన రిబ్బన్ మళ్ళీ మామూలు కాదు.

మీ మెడల్స్ చెప్పేది ఇది: 1965లో యుద్ధ ప్రాంతంలో ఉన్నారు, నిస్సందేహంగా రాయండి. 1971లో సర్వీసులో ఉన్నారు, ఆ రెండు సరిహద్దుల్లో ఉన్నట్టు ఆధారం లేదు. 1962 పోరాటానికీ ఆధారం లేదు. సైన్య సేవా మెడల్ కష్టమైన చోట్ల చేసిన డ్యూటీకి ఇస్తారు, దాని మీది నేఫా పట్టీ యుద్ధానికి ఇచ్చినది కాదు. కానీ ఇంట్లో ఎవరూ చెప్పని నాగా కొండల డ్యూటీ ఉంది. మూడు యుద్ధాల మాట కంటే నాకు అదే విలువైనదిగా తోస్తోంది. మామ్మగారిని అడగండి: పెద్దబ్బాయి పుట్టిన రోజుల్లో ఉత్తరం ఎన్నాళ్లకు వచ్చేది అని.

పుట్టిన సంవత్సరం సంగతి: చేరేటప్పుడు వయసు ఎక్కువ చెప్పడం, గుమస్తా అంచనాగా రాయడం మామూలే. 'జననం 1931, సైనిక రికార్డుల ప్రకారం 1929' అని రెండూ వేయండి. 'అమరులు', 'వీరమరణం' అనే మాటలు మాత్రం వాడొద్దు, అవి విధి నిర్వహణలో పోయినవాళ్లవి. నిండు జీవితం గడిపి ఇంట్లో కన్నుమూసినవారికి 'సుబేదార్ (రిటైర్డ్)' అన్న మాటే గౌరవం.

జవాబు: అచ్చుపని

అచ్చు గురించి క్లుప్తంగా. ఏ5 సైజు, పేజీలు నాలుగు చొప్పున లెక్క, కాబట్టి 24 సరిపోతుంది. లోపల 100 జీఎస్‌ఎం (కాగితం మందం లెక్క) మ్యాప్‌లిథో కాగితం, అట్టకి 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డ్, మధ్యలో రెండు పిన్నులు. ఫొటోలు 600 డీపీఐలో (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే అంకె), పాస్‌పోర్టు సైజువి 1200లో స్కాన్ చేయండి, భుజం మీది అక్షరాలు అప్పుడే తెలుస్తాయి. ఫ్రేము గాజుకు అంటుకున్న ఫొటోని లాగితే ముఖం గాజు మీదే ఉండిపోతుంది, గాజుతోనే స్కాన్ చేయించండి. డిశ్చార్జి బుక్‌ని లామినేషన్ చేయించొద్దు. అసలు కాగితాలు ప్రెస్సులో వదిలి రావొద్దు, మామ్మగారి ఫ్యామిలీ పెన్షన్‌కి అవే కావాలి. పుస్తకంలో వేసే పేజీ నకలులో పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్ కనిపించకుండా నల్లగీత కొట్టండి.

యూనికోడ్‌లో (ఫోన్లో మామూలుగా రాసే తెలుగులో) టైపు చేసింది 'అను' అనే తెలుగు ఫాంట్లు వాడే డీటీపీ షాపుకిస్తే మార్చేటప్పుడు ఒత్తులు ఊడిపోతాయి. 'కృష్ణా', 'స్వాతంత్ర్య' లాంటి మాటలున్న పేజీలు ముందు చూడండి. ప్రూఫు కాగితం మీద తీసుకుని మామ్మగారికి గట్టిగా చదివి వినిపించండి, పేర్లూ వరసలూ ఆవిడ సరిచేస్తారు. ఆ తర్వాతే అచ్చుకివ్వండి.