రీ: స్లావిక్ డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీకి వస్తున్నాను, సలహా కావాలి

అందరికీ నమస్కారం. రష్యన్‌లో ఎం.ఏ. చేశాను. ఈ ఆగస్టులో అమెరికాలో స్లావిక్ డిపార్ట్‌మెంట్‌లో (రష్యన్, పోలిష్ లాంటి భాషల విభాగం) పీహెచ్‌డీకి చేరుతున్నాను, ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద. డిపార్ట్‌మెంట్ వాళ్లు పంపిన న్యూస్‌లెటర్ చదివినప్పటి నుంచీ ఒకటే టెన్షన్. సీనియర్లకు అన్ని ఫెలోషిప్పులు, బహుమతులు, అచ్చయిన వ్యాసాలు! మొదటి ఏడాది నేను దేని మీద దృష్టి పెట్టాలి?

*

చెల్లీ, ముందుగా అభినందనలు. మన వాళ్లలో ఈ దారికి వచ్చేవాళ్లు చాలా తక్కువ. నిన్ను చూస్తే చాలా సంతోషంగా ఉంది.

ఆ న్యూస్‌లెటర్‌తో నిన్ను నువ్వు పోల్చుకోకు. అందులో కనిపించే కొన్నిటికి మనం అప్లై చేయడానికే వీల్లేదు. విదేశీ భాషలు నేర్చుకోవడానికి ఉద్దేశించిన ఫ్లాస్ ఫెలోషిప్, విదేశాల్లో పరిశోధనకు ఉద్దేశించిన ఫుల్‌బ్రైట్-హేస్ డాక్టరల్ గ్రాంట్ అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ ఇచ్చేవి. ఫుల్‌బ్రైట్ యూఎస్ స్టూడెంట్ ప్రోగ్రామ్ అయితే పౌరులకే. చేరిన వారంలోనే గ్రాడ్యుయేట్ అడ్వైజర్ దగ్గరకు వెళ్లి, ఎఫ్-1 వాళ్లకు ఏవేం ఉన్నాయో నేరుగా అడుగు. యూనివర్సిటీ సొంత నిధులు, డిపార్ట్‌మెంట్ సమ్మర్ గ్రాంట్లు, సదస్సులకు ఇచ్చే ప్రయాణ ఖర్చులు చాలాచోట్ల వీసాతో సంబంధం లేకుండా ఇస్తారు. అడగనివాళ్లకు వాటి సంగతే తెలియదు.

ఇక అసలు విషయం. నా దృష్టిలో మొదటి ఏడాది సాధించాల్సింది బహుమతి కాదు, రెండో స్లావిక్ భాష. ఉక్రేనియన్, పోలిష్, చెక్, సెర్బియన్, ఏదైనా సరే, మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టు. తర్వాత క్వాలిఫైయింగ్ పరీక్షలు (థీసిస్‌కు ముందు గట్టెక్కాల్సినవి) మీద పడతాయి, అప్పుడిక తీరిక ఉండదు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి యుద్ధానికి దిగాక ఈ రంగమే మారిపోయింది. అమెరికాలో స్లావిక్, తూర్పు యూరప్, యురేషియా అధ్యయనాల సంఘమైన అసీస్ 2023 వార్షిక సదస్సుకు పెట్టిన అంశమే డీకాలనైజేషన్, అంటే వలస పాలన నాటి దృష్టి నుంచి బయటపడటం. మాస్కో, పీటర్స్‌బర్గ్ వెళ్లి రష్యన్ నేర్చుకునే విద్యార్థుల్లో చాలామంది ఇప్పుడు కజకిస్తాన్‌లోని ఆల్మాటీ, ఆర్మేనియాలోని యెరెవాన్, జార్జియాలోని త్బిలిసి వెళ్తున్నారు. రష్యన్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే పరిశోధనా ఇరుకైపోతుంది, ఉద్యోగాల వేటా ఇరుకైపోతుంది. పోలిష్‌లో ఏడు విభక్తులని భయపడకు, చిన్నప్పుడు బడిలో ఎనిమిది వల్లె వేసినవాళ్లం!

టీచింగ్‌ను మాత్రం భారం అనుకోవద్దు. బిగినర్స్ రష్యన్ క్లాసులో ‘నిన్న పుస్తకం చదివాను’ అని రాయమంటే కొందరు ‘చితాల్’ అని, కొందరు ‘ప్రచితాల్’ అని రాస్తారు. చదువుతూ కాలం గడిపావా, పుస్తకం పూర్తి చేశావా అన్న తేడా అక్కడ తేల్చి చెప్పాలి. పుట్టుకతో రష్యన్ వచ్చినవాళ్లకు ఏది సరైందో చెవికి తెలిసిపోతుంది, కారణం చెప్పడమే కష్టం. పెద్దయ్యాక కష్టపడి నేర్చుకున్న నీకు ఆ కారణం తెలుసు. విద్యార్థులు అలాంటి టీచర్ కోసం ఆఫీస్ అవర్స్‌కు వెతుక్కుంటూ వస్తారు. అమెరికాలో రష్యన్ టీచర్ల సంఘం కాలేజీ విద్యార్థులకు ఏటా జాతీయ స్థాయి వ్యాసరచన పోటీ పెడుతుంది. నీ క్లాసు వాళ్లను అందులో కూర్చోబెట్టు. వాళ్లలో ఒకరికి బహుమతి వస్తే అది నీ టీచింగ్ ఫైల్‌లోనూ ఉంటుంది.

*

పైన అక్క చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను.

టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని వారానికి 20 గంటలు ఉంటే, సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో ఇంకో పని చేయడానికి ఎఫ్-1 నిబంధనలు ఒప్పుకోవు. స్లావిక్ సాహిత్యం డిగ్రీకి ఓపీటీ (చదివిన రంగంలో ఉద్యోగం చేసుకోవడానికి ఎఫ్-1 వాళ్లకిచ్చే అనుమతి) 12 నెలలే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) వాళ్లకు వచ్చే 24 నెలల పొడిగింపు రాదు. అందుకే చివరి ఏడాది ఉద్యోగ ప్రయత్నాలు ముందే మొదలుపెట్టాలమ్మా.

సదస్సుల సంగతి. అసీస్ సదస్సు నవంబరు ప్రాంతంలో జరుగుతుంది కానీ ప్రతిపాదనలు అదే ఏడాది మొదట్లో పంపాలి. ఒంటరిగా ఒక పేపర్ పంపేకంటే ముగ్గురు నలుగురు కలిసి ఒకే అంశం మీద ప్యానెల్ కట్టడం మేలు. ప్యానెల్‌లో డిస్కసెంట్ అని ఒకరుంటారు, మీ పేపర్లు ముందే చదివొచ్చి అందరి ముందూ మాట్లాడతారు. ఆ పాత్రకు వేరే యూనివర్సిటీ ప్రొఫెసర్‌ను అడగండి. మీ డిపార్ట్‌మెంట్ బయట మీ పని చదివిన మొదటి మనిషి ఆయనో ఆవిడో అవుతారు, రేపు రికమెండేషన్ లెటర్ కావాలన్నా మొహమాటం లేకుండా అడగొచ్చు. మొదటి సెమిస్టర్ టర్మ్ పేపర్‌నే ఆ ఉద్దేశంతో రాయండి. సారాంశం తయారయ్యాక ఇక్కడ పెట్టండి, నేను చదివి చెబుతాను.